పరీక్షలో సున్నా, రాళ్లమీద నాచు: హైదరాబాద్‌లో ఉప్పునీటి ట్యాంకు కథ

సంక్షిప్తంగా

చిన్న రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో, నాచు విరగబడిందంటే రెండు సంగతులు జరుగుతున్నట్టు లెక్క. లోపలికి వెళ్తున్న పోషకం బయటికి వస్తున్న దానికంటే ఎక్కువగా ఉంది, రాళ్లమీద చోటు ఖాళీగా ఉంది. హైదరాబాద్‌లో వీటికి స్థానిక కారణాలు తోడవుతాయి. గ్రానైట్ నేలలోంచి వచ్చే బోరు నీళ్లు, ఎండాకాలపు ఆవిరి, చట్టం వల్ల సముద్రపు లైవ్ రాక్ (జీవులతో సహా తీసిన రాయి) వాడలేకపోవడం వాటిలో ముఖ్యమైనవి. నీటి పరీక్షలో సున్నా వస్తే సంబరపడాల్సిన పనిలేదు. సున్నా కోసం పట్టుబట్టిన ట్యాంకుల్లోనే అన్నిటికంటే మొండి జాతి తిష్ఠ వేస్తుంది.

చిక్కుప్రశ్న

మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఒక ఫ్లాటు హాల్లో రెండడుగుల గాజు ట్యాంకు ఉందనుకుందాం. అందులో ఒక జత క్లౌన్‌ఫిష్, నాలుగైదు మెత్తటి పగడాలు, పైన నీలం లైటు. మూడో నెలకు రాళ్లమీద ఆకుపచ్చ జుట్టు మొలుస్తుంది. కిట్ తెచ్చి పరీక్షిస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. తిండే లేనిచోట నాచు ఎలా బతుకుతోంది? కొత్తగా ట్యాంకు పెట్టినవాళ్లలో చాలామంది తికమకపడేది ఇక్కడే. నీళ్లు మార్చమని ఒకరు, మందు వేయమని ఇంకొకరు, లైటు ఆర్పేయమని మరొకరు చెబుతారు. దేనికదే కొంత పనిచేస్తుంది, కొన్ని నెలలకు మళ్లీ అదే జుట్టు.

పర్సులో మిగిలింది జీతం కాదు

కిట్ చూపించేది ఆ క్షణాన నీళ్లలో మిగిలి ఉన్నదాన్ని మాత్రమే. నెలాఖరున పర్సులో పది రూపాయలే ఉన్నాయని ఆ ఇంటికి జీతమే రావట్లేదని అనుకోలేం. వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోయి ఉండొచ్చు. ట్యాంకులోనూ అంతే. చేపల విసర్జన నుంచి వచ్చిన ఫాస్ఫేట్‌ను నాచు వెంటనే మింగేస్తుంటే నీళ్లలో కొలవడానికి ఏమీ మిగలదు. అది నాచు ఒంట్లో ఉంటుంది.

ఎంత వస్తోందో ఒక చిన్న లెక్క వేయొచ్చు. ఎండు చేపల మేతలో భాస్వరం సుమారు 1 శాతం ఉంటుంది. రోజుకు 0.1 గ్రాము, అంటే ఒక చిటికెడు మేత వేస్తే 1 మిల్లీగ్రాము భాస్వరం, ఫాస్ఫేట్ రూపంలో చూస్తే 3 మిల్లీగ్రాములు. రాళ్లు, ఇసుక పోగా 80 లీటర్ల నీళ్లున్న ట్యాంకులో ఇది రోజుకు 0.04 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), నెలకు 1 పీపీఎం పైచిలుకు. అందులో కొంత చేపల ఒంటికి పట్టినా, మిగతాదంతా నీళ్లలోకే వస్తుంది. రీఫ్ ట్యాంకుకు సాధారణంగా మంచిదనుకునే స్థాయి 0.03 నుంచి 0.1 మధ్య. చిటికెడు మేత మూడు రోజుల్లో ఆ హద్దు దాటించగలదు.

పైగా నాచు పొదుపరి. సముద్రంలో తేలియాడే సూక్ష్మ వృక్షజీవుల్లో ఒక భాస్వరం పరమాణువుకు 16 నత్రజని, 106 కర్బన పరమాణువులు ఉంటాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రాతికి అంటుకుని పెరిగే నాచుల్లో ఆ నిష్పత్తి సగటున 1కి 30, 550 దాకా ఉంటుందని 1983లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే అదే భాస్వరంతో ఐదింతల ఒళ్లు. కాబట్టి కిట్‌కు అందనంత తక్కువలోనూ అది హాయిగా పెరుగుతుంది.

ఇంకో గుప్త ఖాతా కూడా ఉంది. రీఫ్ ట్యాంకుల్లో వాడే రాళ్లు, ఇసుక ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు అది రాతి ఉపరితలానికి అతుక్కుంటుంది, తగ్గినప్పుడు మళ్లీ వదులుతుంది. ఫాస్ఫేట్ పీల్చే గుళికలు వేసిన రెండు రోజులకు సున్నా చూపించిన ట్యాంకు, వారం తర్వాత మళ్లీ పాత అంకెకే రావడానికి కారణం ఇదే. కిట్ తప్పూ కాదు, గుళికల నాణ్యత తప్పూ కాదు.

మంజీరా నీళ్లా, బోరు నీళ్లా?

నగరానికి సముద్రం సుమారు 300 కిలోమీటర్ల దూరం. సముద్రపు నీళ్లు తెప్పించుకోవడం కుదిరే పని కాదు, తీరం పక్కన తోడిన నీళ్లు శుభ్రంగా ఉంటాయన్న హామీ కూడా లేదు. కాబట్టి కృత్రిమ సముద్రపు ఉప్పును మంచినీళ్లలో కలిపి తయారు చేసుకోవాల్సిందే. వంటింటి ఉప్పుతో ఆ పని జరగదు. సముద్రపు నీళ్లలో సోడియం, క్లోరిన్‌తో పాటు మెగ్నీషియం సుమారు 1,300 పీపీఎం, కాల్షియం 420, పొటాషియం 400 దాకా ఉంటాయి. మొత్తం ఉప్పు లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉండాలి, సాంద్రత కొలిస్తే 1.026 రావాలి. కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో సరిచూసుకుని వదిలేస్తారు చాలామంది. దాన్ని 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో సరిచూడటం మేలు, కొలవాల్సింది ఆ అంకె దగ్గరే కనుక.

అసలు ఇబ్బంది ఆ మంచినీళ్లతోనే. కుళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లయినా, గోదావరి నీళ్లయినా నగరంలో అందరూ మంజీరా నీళ్లనే అంటారు. అవి సంపులోకి వచ్చాక ట్యాంకర్ నీళ్లతోనో బోరు నీళ్లతోనో కలుస్తాయి. తాగునీటి ప్రమాణం ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. మనుషులకు పర్వాలేదన్న ఆ అంకె పగడాలకు చాలా ఎక్కువ.

ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా అన్నది సహజంగా వచ్చే ఆలోచన. తాగడానికి అమ్మే ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) కంట్రోలరో మినరల్ కార్ట్రిడ్జో ఉంటుంది. రుచి కోసం అది వడకట్టిన నీళ్లలో కొన్ని ముడి నీళ్లను, లేదా ఖనిజాలను మళ్లీ కలుపుతుంది. తాగేవాళ్లకు అది సౌకర్యం. ట్యాంకుకు మాత్రం వడపోత చేసినదాన్ని మళ్లీ చెడగొట్టడమే. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లలోనూ కొన్ని ఖనిజాలు మిగిలే ఉంటాయి. రీఫ్ ట్యాంకుకు కావాల్సింది ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పీల్చే డీఐ రెసిన్ గుండా వెళ్లి, టీడీఎస్ సున్నాకు వచ్చిన నీళ్లు.

ఆ సున్నానూ పూర్తిగా నమ్మకూడదు. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. బంజారాహిల్స్ బండలు చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో కరిగిన సిలికా చెప్పుకోదగ్గంత ఉంటుంది. టీడీఎస్ మీటర్ కొలిచేది విద్యుత్ వాహకతను. మామూలు నీళ్లలో సిలికాకు విద్యుదావేశం దాదాపు ఉండదు కాబట్టి మీటర్‌కు అది కనిపించదు. రెసిన్ పాతబడుతున్నప్పుడు ముందుగా జారిపోయే వాటిలో సిలికా ఒకటి. మీటర్ ఇంకా సున్నా చూపిస్తూనే ఉంటుంది, గాజుమీద మాత్రం గోధుమరంగు పొడి పేరుకుంటుంది. ఆ పొడి డయాటమ్‌లనే సూక్ష్మ నాచులది. తమ గవ్వలను అవి సిలికాతోనే కట్టుకుంటాయి.

రోహిణి కార్తెలో ట్యాంకు

రోళ్లు పగిలే ఎండల్లో మూత లేని రెండడుగుల ట్యాంకు నుంచి, పైన ఫ్యాను ఆడుతుంటే, రోజుకు లీటరున్నర నీళ్లు ఆవిరైపోవడం వింతేమీ కాదు. నీళ్లు పోతాయి, ఉప్పు ఉండిపోతుంది. 80 లీటర్ల ట్యాంకును నింపకుండా నాలుగు రోజులు ఊరెళ్తే ఆరు లీటర్లు తగ్గి, ఉప్పు 35 నుంచి 38 గ్రాములకు చేరువవుతుంది. వచ్చీ రాగానే కంగారుగా ఒకేసారి మంచినీళ్లు పోస్తే నత్తలు, పగడాలు రెండో దెబ్బ తింటాయి. నీటిమట్టం తగ్గగానే కొంచెం కొంచెంగా నింపే ఆటోమేటిక్ పరికరం చిన్న ట్యాంకులకే ఎక్కువ అవసరం. పెద్ద ట్యాంకులకు ఆ మాత్రం తేడా తట్టుకునే శక్తి నీటి పరిమాణం వల్లే వస్తుంది.

ఆవిరికీ నాచుకూ ఉన్న లంకె అంతగా ఎవరి దృష్టికీ రాదు. రోజుకు లీటరున్నర అంటే నెలకు 45 లీటర్లు నింపాలి. ఆ నీళ్లలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందనుకుంటే నెలకు 450 మిల్లీగ్రాములు ట్యాంకులో చేరతాయి. 80 లీటర్లకు పంచితే 5.6 పీపీఎం. మేత ఒక్క రవ్వ కూడా పెంచకుండానే ఇదంతా. చలికాలంలో ఆవిరి తక్కువ, కాబట్టి అవే నీళ్లు వాడినా అంత కీడు కనిపించదు. ఎండాకాలంలోనే ఎందుకు ముదిరిందో అర్థంకాక యజమాని లైటును నిందిస్తాడు.

ఇదే ఆవిరి ఇంకోవైపు మేలు చేస్తుంది. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు అనువు. 30 దాటి కొన్ని వారాలు నిలిస్తే వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు బయటికి పోయి తెల్లబడతాయి. 2024 వేసవిలో లక్షద్వీప్ పగడపు దిబ్బలకు పట్టిన గతి అదే. హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి నీటి ఉపరితలం మీదికి ఫ్యాను తిప్పితే ఎయిర్ కూలర్ సూత్రంతోనే ట్యాంకు చల్లబడుతుంది. లీటరున్నర ఆవిరి రోజంతా సగటున 40 వాట్ల వేడిని మోసుకుపోతుంది, ఒక చిన్న ట్యాంకు పంపుల వేడికి అది దాదాపు సరిపోతుంది. మృగశిర వచ్చి గాలిలో తేమ పెరిగాక కూలర్ లాగే ఫ్యానూ పనిచేయడం మానేస్తుంది. అప్పటికి గది వేడి కూడా తగ్గుతుంది కాబట్టి గండం గట్టెక్కుతుంది. తేమగా ఉండే విశాఖలోనో చెన్నైలోనో ఈ వెసులుబాటు అంతగా లేదు, అక్కడ ఏసీయో, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో పెట్టాల్సిందే.

చట్టం, ఖాళీ రాళ్లు

సముద్రంలోంచి తీసిన రాయిని తీసినట్టే తెచ్చి ట్యాంకులో పెడితే దాన్ని లైవ్ రాక్ అంటారు. బ్యాక్టీరియా, స్పాంజ్‌లు, చిన్న రొయ్యల్లాంటి జీవులు, ఊదారంగు కోరలైన్ నాచు అప్పటికే దానిమీద కాపురం ఉంటాయి. కొత్త నాచుకు చోటు దొరకడం కష్టం. చాలా దేశాల్లో ఏళ్లతరబడి రీఫ్ ట్యాంకులు వాటి మీదే నడిచాయి.

మన దగ్గర ఆ దారి లేదు, ఆ రాళ్లు చాలావరకు పగడపు దిబ్బల ముక్కలే కనుక. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో చేర్చారు. నల్ల పగడం, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు కూడా ఆ జాబితాలోనివే. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలకూ అదే రక్షణ దొరికింది. పులికి ఉన్న స్థాయి రక్షణ ఇది. మన్నార్ సింధుశాఖలోంచి రాళ్లు ఏరుకొచ్చి అమ్మడం నేరం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలోని జాతులు కూడా చట్టం పరిధిలోకి వచ్చాయి. అలాంటి జీవులు పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. గుంపుగా పెరిగే మెత్తటి జోవాంథిడ్‌లు, మెత్తటి మష్రూమ్ పగడాలు (కోరలిమార్ఫ్‌లు) ఆ సైటిస్ జాబితాలో లేవు. చిన్న ట్యాంకుకు సరిపోయేవీ, తట్టుకునేవీ కూడా అవే. క్లౌన్‌ఫిష్‌ను మన దేశంలోనే పిల్లలు చేయించగలుగుతున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆ పద్ధతిని ఎప్పుడో స్థిరపరచింది. సముద్రంలో పట్టిన చేపకంటే తొట్టెలో పుట్టిన చేప తిండికీ ఇంటికీ తొందరగా అలవాటు పడుతుంది.

లైవ్ రాక్ లేనప్పుడు మిగిలేది పొడి రాయి, లేదా సిరామిక్. అది అప్పుడే దున్ని వదిలేసిన చేను లాంటిది. పంట వేయకపోతే కలుపు వేసుకుంటుంది. మొదట అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు చేపలు వేయకూడదు, లైటు అక్కర్లేదు. ఆ తర్వాత గోధుమ పొడి, ఆకుపచ్చ పూత, జుట్టు, ఎర్ర జిగురు వరసగా వచ్చిపోతాయి. ఈ దశ కొన్ని నెలలు సాగొచ్చు. లైవ్ రాక్ కాలంలో రాసిన సలహాలు చదివి, మన పొడి రాళ్ల ట్యాంకు రెండో నెలకే మెరవాలని ఆశించడం వల్లే సగం టెన్షన్.

పచ్చనిదంతా ఒకటి కాదు

డయాటమ్‌ల పొడి సిలికా అయిపోగానే దానంతటదే పోతుంది. దానికోసం ఏమీ కొనక్కర్లేదు. జుట్టు నాచు వేళ్లతో పీకితే వస్తుంది, నత్తలు మేస్తాయి. ఎర్రటి జిగురు దుప్పటి సైనోబ్యాక్టీరియా, పేరులో ఉన్నట్టు అది బ్యాక్టీరియా. వాటిలో కొన్ని కరిగిన నత్రజని వాయువునే తిండిగా మార్చుకోగలవు. అందుకే నైట్రేట్ అడుగంటి, ఫాస్ఫేట్ మిగిలిన ట్యాంకులో, నీటి ప్రవాహం సరిగా లేని మూలల్లో అవి రాజ్యమేలతాయి. నైట్రేట్ ఇంకా తగ్గిద్దామని చూసేవాళ్లు తెలియకుండానే వాటికి పోటీ లేకుండా చేస్తున్నారు.

అన్నిటికంటే మొండివి డైనోఫ్లాజెల్లేట్‌లనే ఏకకణ జీవులు. చీమిడిలాంటి గోధుమరంగు తీగలు, వాటి కొసల్లో గాలి బుడగలు. పొద్దున పలచగా ఉండి మధ్యాహ్నానికి దట్టమవుతాయి. వాటిని మేసిన నత్తలు చచ్చిపడిపోవడం ఇంకో గుర్తు, కొన్ని జాతులు విషం తయారుచేస్తాయి. ఇవి విజృంభించే ట్యాంకుల్లో తరచూ కనిపించేది నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోవడం. మిగతా సూక్ష్మజీవులు ఆకలికి తగ్గిపోగా ఇవి బ్యాక్టీరియాను కూడా మింగి బతకగలవు. ఇక్కడ వైద్యం తలకిందులుగా ఉంటుంది. గుళికలు తీసేయాలి, మేత పెంచాలి, నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబడేలా చూడాలి. రాత్రి నీళ్లలోకి లేచే ఆస్ట్రియాప్సిస్ లాంటి వాటికి యూవీ దీపం పనిచేస్తుంది. ఇసుకలోనే దాక్కునే ఆంఫిడీనియంపై దాని ప్రభావం పెద్దగా ఉండదు. ఏది ఏదో తేల్చడానికి స్కూలు పిల్లలు వాడే 400 రెట్ల మైక్రోస్కోప్ చాలు.

మేసేవాళ్లు

పోషకాలే అంతా అయితే సముద్రంలోనూ అలాగే జరగాలి. 1983లో పనామా దగ్గర మొదలైన ఒక అంటువ్యాధి కరీబియన్ అంతటా పొడుగు ముళ్ల సీ అర్చిన్‌లలో 90 శాతానికి పైగా చంపేసింది. నాచు మేసే చేపలను మనుషులు అప్పటికే పట్టేసి ఉండటంతో, మేయడానికి మిగిలినవి ఆ అర్చిన్‌లే. 1980లో తుఫాను దెబ్బ కూడా తిని ఉన్న జమైకా తీరంలో పగడాల విస్తీర్ణం 50 శాతానికి పైనుంచి పదిహేనేళ్లలో 5 శాతం కిందికి పడిపోయి, ఆ చోటును నాచు ఆక్రమించింది. అందులో నీటి కాలుష్యం వాటా ఎంతన్న వాదన ఉన్నా, మేత ఆగిపోవడం పెద్ద కారణమని దాదాపు అందరూ ఒప్పుకున్నదే.

80 లీటర్లలో ఆ పని చేయాల్సింది నత్తలు. టర్బో, ట్రోకస్ జాతులు నమ్మదగినవి. టాంగ్ చేపలు నాచును బాగా తింటాయని అంటగడతారు గానీ వాటికి అడుగులకొద్దీ ఈదే చోటు కావాలి. నత్తలు కూడా మొలకలనే గొరుగుతాయి, జానెడు పొడుగు జుట్టును ముట్టవు. ముందు చేత్తో పీకి, టూత్‌బ్రష్‌తో గీకి, రాలినదాన్ని పైపుతో లాగేశాక వాటికి పని అప్పగించాలి. రాగి పడితే నత్తలు బతకవు. ఇత్తడి కుళాయి నీళ్లు, చేపల జబ్బులకు వాడే రాగి మందులు రెండూ ప్రమాదమే.

బయటికి పంపే దారులు

వారానికి పదో వంతు నీళ్లు మార్చితే అన్నీ సర్దుకుంటాయన్నది ఎక్కువగా వినిపించే సలహా. పదో వంతు మార్చితే పోయేది పోగుపడినదాంట్లో పదో వంతే. వారానికి 0.28 పీపీఎం ఫాస్ఫేట్ చేరుతుంటే, వేరే దారేదీ లేనప్పుడు, వచ్చేదీ పోయేదీ సమానమయ్యే అంకె 2.8. నీళ్ల మార్పిడి కాల్షియం, క్షారతలను నిలబెడుతుంది, అది చిన్న లాభం కాదు. పోషకాల విషయంలో మాత్రం దానికి తోడు కావాలి.

ముల్లును ముల్లుతో తీసినట్టు, నాచును నాచుతోనే తీయొచ్చు. వెనక అరలో చీటోమార్ఫా అనే ఉండ నాచును వేరే లైటు కింద పెంచి, పెరిగినప్పుడల్లా పిడికెడు తీసి పారేస్తే పోషకం దాంతోపాటు బయటికి పోతుంది. తీయకుండా వదిలేస్తే లాభం లేదు. హుస్సేన్‌సాగర్‌లో గుర్రపుడెక్కను యంత్రాలతో లాగి గట్టున వేయడంలోనూ ఉన్న సూత్రం ఇదే, అయితే నాలాల్లోంచి వచ్చే మురుగు ఆగనంతకాలం లాగుతూనే ఉండాలి. ప్రోటీన్ స్కిమ్మర్ నురగతో పాటు సేంద్రియ వ్యర్థాలను అవి కుళ్లకముందే తీసేస్తుంది. ఫాస్ఫేట్ గుళికలు వాడాలనుకుంటే డబ్బా మీద రాసినదాంట్లో కొద్ది వంతుతో మొదలుపెట్టి వారాల తరబడి నెమ్మదిగా దించాలి.

మందుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. సైనోబ్యాక్టీరియాకు వాడే యాంటీబయాటిక్ ఎరిత్రోమైసిన్ పనికొచ్చే బ్యాక్టీరియానూ వదలదు. మనుషుల ఫంగస్ మాత్ర ఫ్లూకోనజోల్ బ్రయాప్సిస్ జాతి నాచును నిజంగానే చంపుతుంది. చచ్చిన నాచు కుళ్లి పోషకాన్ని తిరిగి నీళ్లలోకే వదులుతుంది, దాన్ని ఎవరో ఒకరు తినడానికి సిద్ధంగా ఉంటారు. ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకూడదు. నాచు పోవడం లేదని రాళ్లను గిన్నెలో వేసి ఉడకబెట్టడం. జోవాంథిడ్ కుటుంబాల్లోని కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. ఆవిరితో లేచి ఇంటిల్లిపాదినీ ఆస్పత్రి పాలు చేసిన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

నగరంలో చాలా ట్యాంకులు వేసవి సెలవుల్లో మొదలవుతాయి. ఆవిరి, వేడి, కరెంటు కోతలు, ట్యాంకర్ నీళ్లు అన్నీ కలిసొచ్చే కాలం అదే. కార్తీకంలో మొదలుపెడితే బ్యాక్టీరియా స్థిరపడటానికి ఆరు వారాలు, నాచు వరసలు దాటడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. చలికి ఒక చిన్న హీటర్ సరిపోతుంది. లైటు రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచొచ్చు, కిటికీ ఎండ నేరుగా పడకూడదు. అన్నీ కుదిరితే రోహిణి కార్తె వచ్చేసరికి వెనక గాజుమీద, పంపు డొప్పల మీద ఊదారంగు చుక్కలు కనిపిస్తాయి. అది కోరలైన్. అది పరుచుకున్న రాతిమీద జుట్టు నాచు అంత తేలిగ్గా వేళ్లూనదు.